బిల్డింగ్ పర్మిషన్ గడువు దాటిపోయిందా? ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్ళకు ప్లాన్లు గీయడం, మున్సిపాలిటీలో అప్లై చేయడం, ఓసీ (కట్టిన ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) చేతికి వచ్చేదాకా వెంట ఉండడం నా వృత్తి. సగం లేచిన ఇల్లు, గడువు తీరిన పర్మిషన్ కాగితం పట్టుకుని వచ్చేవాళ్ళు చాలా భయంతో వస్తారు. కొందరైతే అసలు భయమే లేకుండా వస్తారు, వాళ్ళను చూస్తే నాకే ఎక్కువ భయం వేస్తుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇల్లు కట్టుకునేవాళ్ళు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

పర్మిషన్ ఎన్నాళ్ళు చెల్లుతుంది? ఆ తేదీ ఎక్కడ ఉంటుంది?

మీకిచ్చిన ప్రొసీడింగ్స్ (అనుమతి ఉత్తర్వు) కాగితం మీదే ఉంటుంది. చాలామంది ప్లాన్ షీటుకు ఫ్రేమ్ కట్టించినంత జాగ్రత్తగా దాస్తారు కానీ ప్రొసీడింగ్స్ చదవరు. తెలంగాణ ఉత్తర్వుల్లో సాధారణంగా రెండు తేదీలు కనిపిస్తాయి. ఒకటి పని ఏ తేదీలోగా మొదలుపెట్టాలో చెబుతుంది, రెండోది ఏ తేదీలోగా ముగించాలో చెబుతుంది. మామూలు ఇళ్ళకు, చిన్న అపార్టుమెంట్లకు మొదలుపెట్టడానికి 18 నెలలు, పూర్తి చేయడానికి 3 ఏళ్ళు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం కూడా ఎత్తయిన భవనాలు కాని వాటికి 3 ఏళ్ళే. పెద్ద టవర్లకు అంతకంటే ఎక్కువ ఇస్తారు. మీ కాగితంలో ఏ తేదీ ఉంటే మీకు అదే లెక్క.

ఈ గడియారం ఉత్తర్వు వచ్చిన రోజునే తిరగడం మొదలవుతుంది. మనం మాత్రం భూమిపూజ రోజు నుంచి లెక్కేసుకుంటాం. ఆషాఢం వద్దు, మూఢం వెళ్ళాక చూద్దాం, పెద్దమ్మాయి పెళ్ళయ్యాక మొదలుపెడదాం అనుకుంటూ ఉండగానే ఏడాది గడుస్తుంది. ముహూర్తం చూసుకోవద్దని నేను అనను, మా ఇంట్లోనూ చూస్తాం. కానీ ముహూర్తం ఏ నెలలో కుదురుతుందో తెలుసుకున్నాకే అప్లై చేయండి.

గడువు దాటితే నేను కట్టిన ఇల్లు అక్రమ కట్టడం అయిపోతుందా?

కాదు. గడువులోపల, ప్లాన్ ప్రకారం కట్టిన భాగం తేదీ దాటినంత మాత్రాన అక్రమం కాదు. గడువు తీరాక, పొడిగింపు లేకుండా వేసిన గోడలు, స్లాబులు మాత్రం అనుమతి లేని కట్టడం కిందికే వస్తాయి. కాబట్టి మీ కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది: గడువు తీరిన రోజున ఇల్లు ఏ దశలో ఉంది? దానికి మీ దగ్గర రుజువు ఉండాలి.

నోటిమాట రుజువు కాదు. మేస్త్రీ సాక్ష్యం చెబుతానన్నా లాభం లేదు. పనికొచ్చేవి ఇవి: పని మొదలుపెట్టేటప్పుడు ఆఫీసులో ఇచ్చిన కమెన్స్‌మెంట్ నోటీసు (జీహెచ్ఎంసీ చట్టంలో ఇది 440వ సెక్షన్ కింద ఇస్తారు), స్లాబు రోజు వచ్చిన రెడీమిక్స్ లారీ చలాన్లు, సిమెంటు, స్టీలు జీఎస్టీ బిల్లులు, బ్యాంకు ఇంజనీరు ఒక్కో విడత డబ్బు విడుదలకు ముందు రాసిన రిపోర్టు. ఫోనులో తీసిన ఫోటోలను వాట్సాప్‌లో పంపుకుని ఒరిజినల్స్ డిలీట్ చేయకండి, అసలు ఫోటోలోనే తేదీ, స్థలం దాగి ఉంటాయి. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల ఉపగ్రహ చిత్రాలు కూడా చూడొచ్చు. బిల్లులు ఒక్కటీ దాచుకోని ఒక కుటుంబానికి చివరికి ఆ చిత్రాలే ఆధారమయ్యాయి, పైకప్పు నీడ వాటిలో స్పష్టంగా పడింది.

గడువుకు ఇంకా రెండు నెలలు ఉంది. ఇంకా ఫస్ట్ ఫ్లోర్ కూడా కాలేదు. ఏం చేయాలి?

ఈ వారమే పొడిగింపుకు అప్లై చేయండి. గడువు బతికుండగా అడగడం వేరు, చచ్చాక బతికించమనడం వేరు. ఇప్పుడు అడిగితే ఆఫీసుకు మీరు చెప్పాల్సింది ఆలస్యానికి కారణం, ఇప్పటిదాకా అయిన పని, అంతే. పాత పర్మిషన్ కాపీ, మంజూరైన ప్లాన్, కట్టిన ఫీజుల రసీదులు, ఎల్‌టీపీ (ప్లాన్లు గీసే లైసెన్సు ఉన్న మనిషి) లేదా ఇంజనీరు పని ఎంతదాకా వచ్చిందో రాసిచ్చే ధ్రువీకరణ, నాలుగు వైపుల ఫోటోలు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి స్థలం డాక్యుమెంట్ పెట్టండి. కారణం ఉన్నదున్నట్టు రాయండి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక దొరక్క ఆగిన ఇళ్ళు, 2020లో లాక్‌డౌన్‌లో కూలీలు సొంతూళ్ళకు వెళ్ళిపోయి ఆగిన ఇళ్ళు ఎన్నో. డబ్బు సర్దుబాటు కాలేదన్నదీ కారణమే, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

చివరి రోజుదాకా ఆగకండి. షార్ట్‌ఫాల్ (ఫలానా కాగితం తక్కువైందని) పెట్టి ఫైలు వెనక్కి పంపితే, అది సరిచేసేలోపు తేదీ దాటుతుంది.

గడువు దాటి ఏడాదైంది. రెండు స్లాబులు పడ్డాయి. ఇప్పుడు?

మొదట పని ఆపండి. కాంట్రాక్టరు ఏమన్నా, సెంట్రింగ్ అద్దె పెరుగుతోందన్నా ఆపండి. సెంట్రింగ్ బిగించి, చువ్వలు కట్టి స్లాబుకు సిద్ధంగా ఉంటే ఆ చెక్కలు విప్పాల్సి వచ్చినా సరే.

తర్వాత ఒక ఇంజనీరుతో ఉన్నది ఉన్నట్టు కొలతలు తీయించండి. మంజూరైన ప్లాన్ పక్కన పెట్టి చూస్తే మూడింటిలో ఏదో ఒకటి తేలుతుంది. ఇల్లు ప్లాన్ ప్రకారమే ఉండి తేదీ ఒక్కటే దాటి ఉండొచ్చు. పక్కన ఒక అడుగు, వెనక అడుగున్నర ముందుకు జరిగి ఉండొచ్చు. లేదా ప్లాన్‌లో లేని గది, పెంట్‌హౌస్, అదనపు అంతస్తు వచ్చి ఉండొచ్చు. మొదటిదైతే రీవాలిడేషన్‌కు, అంటే గడువు తీరిన పర్మిషన్‌ను మళ్ళీ చెల్లేలా చేయించుకోవడానికి వెళ్ళొచ్చు. రెండోదాంట్లో కొంత దారి ఉంది, దాని గురించి కింద రాశాను. మూడోదైతే నిజం దాచి పాత ప్లాన్‌నే మళ్ళీ పెట్టకండి. సైటుకు మనిషి వచ్చి చూస్తాడు. ఆ రోజు అబద్ధం బయటపడితే తేదీ సమస్య కాస్తా తప్పుడు డిక్లరేషన్ సమస్య అవుతుంది. తెలంగాణలో భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం సొంత ధ్రువీకరణ మీద నడిచేది, అందులో తప్పుడు సమాచారానికి శిక్ష చాలా గట్టిది, నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా ఇచ్చారు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో అది డీపీఎంఎస్ పోర్టల్, తెలంగాణలో 2025 నుంచి టీఎస్ బీపాస్ స్థానంలోకి వచ్చిన బిల్డ్‌నౌ. పాత పర్మిషన్ చేతిరాత కాలం నాటిదై పోర్టల్‌లో కనిపించకపోతే, తెల్లకాగితం మీద రాసి ఇన్‌వర్డ్‌లో (ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట) ఇచ్చి, ముద్ర, నంబరు, తేదీ ఉన్న నకలు తీసుకోండి. ఇది ఊరికే చెప్పడం లేదు. మా నాన్నగారి ఇంటి పొడిగింపు కాగితం ఒక ఆఫీసులో టేబుల్ మీద ఇచ్చి వచ్చాం, ముద్ర అడగలేదు. నాలుగు నెలల తర్వాత అలాంటి కాగితమే రాలేదన్నారు. అప్పటికి గడువు దాటింది. ఆ రోజు నాన్నగారి ముఖం నాకింకా గుర్తుంది. ఆ తర్వాత ఎవరి కాగితమైనా ముద్ర లేకుండా నేను ఆఫీసు గడప దాటి రాలేదు.

అసలు పునాదే తీయలేదు. పాత పర్మిషన్‌నే మళ్ళీ బతికించుకోవచ్చా?

దానికోసం తిరగకండి, కొత్తగా అప్లై చేయడమే సులువు. కానీ పాత ప్లాన్‌నే యథాతథంగా ఇవ్వొచ్చనుకోకండి. మధ్యలో మీ వీధి మాస్టర్ ప్లాన్‌లో వెడల్పయి ఉండొచ్చు, అప్పుడు స్థలం ముందుభాగం వదలాలి. దగ్గర్లో చెరువు ఉంటే ఇరిగేషన్ వాళ్ళ ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్ళు వచ్చే హద్దు) కొలతలు వచ్చి ఉండొచ్చు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ వదలాలి. ఈ నిబంధన 2012 నాటి బిల్డింగ్ రూల్స్‌లోనే ఉంది. అయితే 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక హైదరాబాద్ చుట్టుపక్కల దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు. పాత పర్మిషన్ ఉందన్న ధైర్యంతో చెరువు పక్క స్థలంలో ఇప్పుడు పునాది తీయకండి.

మా స్థలం 70 గజాలే. మాకూ ఈ బాధ ఉందా?

తెలంగాణ మున్సిపాలిటీల్లో 75 చదరపు గజాల లోపు స్థలంలో గ్రౌండ్ ప్లస్ ఒక అంతస్తు దాకా ఇంటికి అనుమతే అక్కర్లేకుండా, ఒక్క రూపాయితో రిజిస్ట్రేషన్ చేసుకునే ఏర్పాటు తెచ్చారు. రెండో అంతస్తు వేస్తే మాత్రం ఆ వెసులుబాటు పోతుంది.

మేస్త్రీ "ఎవరొస్తారు సార్, ఆదివారం స్లాబు వేసేద్దాం" అంటున్నాడు.

ఆదివారం స్లాబులు ఎందుకు వేస్తారో వార్డులో పనిచేసేవాళ్ళకు తెలియనిది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ సెక్రటరీలు ఉన్నారు. మీ పక్కింటివాళ్ళతో చిన్న గొడవ ఉన్నా వాళ్ళే ఫిర్యాదు పెడతారు. ఆ స్లాబు పడితే మేస్త్రీకి కూలి ముట్టుతుంది. నోటీసు మీ పేరున వస్తుంది, లోను మీ పేరున ఉంటుంది, రేపు అమ్ముకోవాలన్నా కాగితం మీదే. నిజాయితీగా పనిచేసే మేస్త్రీలు ఎందరో ఉన్నారు, వాళ్ళకు ఈ మాట వర్తించదు. కానీ ఈ ఒక్క నిర్ణయం వాళ్ళ మీద వదలకండి.

ఐదేళ్ళుగా పిల్లర్ల మీదే ఆగి ఉంది. రీవాలిడేషన్ వస్తే అక్కడి నుంచి కట్టుకుంటూ పోవచ్చా?

కాగితం కంటే ముందు ఇనుము సంగతి చూడండి. ఈ ప్రశ్నకు జవాబు పొడవుగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

పిల్లర్ తలల మీద బయటికి వదిలిన చువ్వలు ఐదు వానాకాలాలు తడిసి ఉంటాయి. తుప్పు పైపైన దుమ్ములా రాలిపోయేదైతే వైరు బ్రష్‌తో రుద్ది వాడొచ్చు. గుంటలు పడి, పొరలుగా ఊడి, చువ్వ సన్నబడి ఉంటే దానికి కొత్త చువ్వ కలిపి కట్టినా లాభం లేదు. ఇంజనీరు కొలిచి చెప్పాలి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును లోపల్నుంచి చీలుస్తుంది. పిల్లరు మీద నిలువుగా, చువ్వ వెంట గీత గీసినట్టు బీట కనిపిస్తే అర్థం అదే. రాయితో తట్టండి, బోలుగా మోగితే ఆ భాగం విడిపోయి ఉంది.

స్లాబు మీద నీరు నిలిచిన చోట్లు, ప్లింత్ బీముల కింద మట్టి కుంగిన చోట్లు చూడండి. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు పెద్ద ఖర్చేమీ కావు, ఇల్లు పగలగొట్టకుండానే కాంక్రీటు బలం గురించి చెబుతాయి. ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లోనూ చేస్తారు. గోదాములో మిగిలిపోయిన పాత సిమెంటు బస్తాలు వాడొద్దు, సిమెంటు మూడు నెలలు దాటితేనే బలం తగ్గిపోతుంది. పైన ఇంకో అంతస్తు వేయాలనుకుంటే, ఆ పునాది దానికోసం డిజైన్ చేసిందో లేదో పాత స్ట్రక్చరల్ డ్రాయింగుల్లో చూడాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం పెట్టిన స్టెబిలిటీ సర్టిఫికెట్ ఉంటే రీవాలిడేషన్ ఫైలుకూ బలం.

ఇప్పుడు పని ఆపుతున్నవాళ్ళకు ఒక మాట: ఆపేరోజే బయటి చువ్వలకు సిమెంటు పాలు పూసి, ప్లాస్టిక్ పైపు ముక్కలు తొడగండి. ఒక పూట పని.

ఎంత ఖర్చవుతుంది?

గడువు లోపల అడిగితే తక్కువ. గడువు దాటాక కొత్త దరఖాస్తుగా చూస్తే చాలా ఛార్జీలు ఇవాళ్టి లెక్కల మీద, స్థలం రిజిస్ట్రేషన్ విలువ మీద పడతాయి. ఆ విలువలు పెరుగుతూ పోతాయి కాబట్టి ఆలస్యానికి వెల అక్కడే ఉంది. అన్‌అప్రూవ్డ్ లేఅవుట్ స్థలానికి ఖాళీ జాగా కింద 14 శాతం ఛార్జీ మొదటిసారే కట్టి ఉంటే ఆ రసీదు బంగారంలా దాచండి. అది పోతే మళ్ళీ కట్టాల్సిన పరిస్థితి రావొచ్చు. నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్ 1 శాతం కట్టిన చలాను కూడా అలాగే.

ఆఫీసు లెక్కకు పైన ఎవరైనా చేతికి అడిగితే ఇవ్వొద్దు. రెండు రాష్ట్రాల్లోనూ ఏసీబీ టోల్ ఫ్రీ నంబరు 1064.

ప్లాన్ కంటే కొంచెం ఎక్కువ కట్టాం. రీవాలిడేషన్ ఇస్తారా?

పక్క, వెనక సెట్‌బ్యాకుల్లో (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీల్లో) 10 శాతం లోపు తేడాలను జరిమానాతో ఒప్పుకునే వీలు రూల్స్‌లో ఉంది. ముందువైపు సెట్‌బ్యాక్‌కు అది లేదు. అంతకు మించితే తీసేయాల్సింది తీసేసి రావడమే మంచిది. ఒక బాల్కనీ అడుగు కోస్తే ఇల్లంతా చట్టబద్ధం అవుతుందంటే కోయించుకోండి. మనసు ఒప్పుకోదని నాకు తెలుసు.

ఇంటిపన్నులో అనుమతి లేని భాగానికి పెనాల్టీ వేసి వసూలు చేస్తున్నారు కాబట్టి రెగ్యులరైజ్ అయినట్టే కదా అని అడుగుతారు. కాదు. జీహెచ్ఎంసీలో ఆ పెనాల్టీ తేడాను బట్టి 25 శాతం నుంచి 100 శాతం దాకా ఉంటుంది, ఏటా కడుతూనే ఉంటారు, ఇల్లు మాత్రం అనుమతి లేనిదిగానే మిగులుతుంది.

మళ్ళీ బీఆర్ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ) స్కీం వస్తుందట, ఆగమంటారా?

ఆగకండి. తెలంగాణలో 2015లో వచ్చిన భవనాల క్రమబద్ధీకరణ పథకం ఆ ఏడాది అక్టోబరు 28 నాటికి కట్టిన వాటికే. దరఖాస్తులు కోర్టు వ్యాజ్యంలో చిక్కుకుని ఏళ్ళు గడిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి బీపీఎస్ (అక్కడి ఇలాంటి పథకం) 2018 ఆగస్టు 31 లోపు కట్టడాలకు. ఏ పథకానికైనా కటాఫ్ తేదీ వెనకటిదే ఉంటుంది. రేపటి పథకాన్ని నమ్మి ఇవాళ స్లాబు వేయకూడదు.

ఇంటాయన పోయారు. పర్మిషన్ ఆయన పేరునే ఉంది, గడువూ తీరింది.

ముందు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని స్థలం మీ పేరుకు మార్పించుకోండి. పిల్లలకూ వాటా ఉంటే అందరూ దరఖాస్తుదారులుగా ఉండాలి, లేదా మిగతావాళ్ళు తమ వాటా వదులుకుంటూ మీకు రిజిస్టర్డ్ రిలింక్విష్‌మెంట్ రాయాలి. పోయిన మనిషి పేరు మీద పొడిగింపు అడిగితే, వచ్చినా చెల్లదు. తొందరపడి ఎవరో సంతకం చేసి నడిపిన కేసులు తర్వాత అన్నదమ్ముల గొడవల్లో బయటికొస్తాయి. సగం కట్టిన ఇల్లు కొన్నవాళ్ళకూ ఇదే మాట: పర్మిషన్ సేల్ డీడ్‌తో పాటు దానంతటదే మీ పేరుకు రాదు, పేరు మార్పు అడగాలి. కొనేముందే గడువు చూసుకోండి, బేరం చేయడానికి అంతకు మించిన ఆయుధం లేదు.

మేం అమెరికాలో ఉన్నాం. నాన్నగారికి 74 ఏళ్ళు, ఆఫీసుల చుట్టూ తిరగలేరు.

నమ్మకమైన బంధువు పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాసి, అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపండి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, ఇది చాలామంది మరిచిపోతారు. ఏ పనికి అధికారం ఇస్తున్నారో స్పష్టంగా రాయండి: ప్లాన్ దరఖాస్తు, రీవాలిడేషన్, ఓసీ, ఫీజుల చెల్లింపు. అమ్మే అధికారం ఇవ్వాల్సిన అవసరం లేదు. నాన్నగారిని ఒక్కరోజు సైటు తనిఖీకి కుర్చీ వేసి కూర్చోబెడితే చాలు. ఆ రోజు ఆయన ఉంటే మంచిదే, ఇల్లు ఆయన కల కదా.

బ్యాంకు చివరి విడత ఇవ్వడం లేదు.

గడువు తీరిన పర్మిషన్ మీద డబ్బు విడుదల చేయడానికి బ్యాంకు ఇంజనీరు సంతకం పెట్టరు, అందులో వాళ్ళ తప్పు లేదు. రీవాలిడేషన్ దరఖాస్తు నంబరు చూపించి, విడత రద్దు చేయకుండా ఉంచమని లిఖితపూర్వకంగా అడగండి. ఇంకో లెక్క కూడా చూసుకోండి: లోను తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక 5 ఏళ్ళలో ఇల్లు పూర్తి కాకపోతే, పాత పన్ను విధానంలో సొంత ఇంటి వడ్డీ మినహాయింపు 2 లక్షల నుంచి 30 వేలకు పడిపోతుంది. స్థలం అమ్మిన డబ్బుతో ఇల్లు కడుతూ క్యాపిటల్ గెయిన్స్ మినహాయింపు చూపించినవాళ్ళకు 3 ఏళ్ళే గడువు. ఇలాంటివాళ్ళు ఆడిటర్‌ను ఈ నెలలోనే కలవాలి.

నోటీసు వచ్చేసింది.

తీసుకోను అనకండి, గోడకు అంటించి పోతారు, అందినట్టే లెక్క. జీహెచ్ఎంసీలో సాధారణంగా మొదట 452వ సెక్షన్ కింద సంజాయిషీ నోటీసు, తర్వాత 636వ సెక్షన్ కింద ఉత్తర్వు వస్తాయి. మొదటిదానికి ఇచ్చిన గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వండి, పైన చెప్పిన దశ రుజువులు, దరఖాస్తు నంబరు జతచేయండి. జవాబివ్వకపోతే తర్వాత కోర్టుకు వెళ్ళినా మొదటి ప్రశ్న అదే వస్తుంది.

మా అపార్టుమెంటు బిల్డరు పర్మిషన్ గడువు దాటింది. ఫ్లాట్లు కొన్న మేం ఏం చేయాలి?

500 చదరపు మీటర్లు మించిన స్థలమైనా, 8 ఫ్లాట్లు మించినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. రెరా గడువు వేరు, మున్సిపల్ పర్మిషన్ గడువు వేరు. రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేజీ తెరిచి రెండు తేదీలూ చూడండి. బిల్డరు పొడిగింపు తెచ్చుకునేదాకా మిగతా విడతలు ఆపి, ఎందుకు ఆపుతున్నారో మెయిల్‌లో రాయండి. కొన్నవాళ్ళంతా కలిసి రాస్తే బరువు ఎక్కువ.

ఇల్లు అయిపోయింది, గృహప్రవేశమూ చేశాం. ఓసీ తీసుకోకముందే గడువు దాటింది. ఇప్పుడు అవసరమా?

అవసరమే, అదీ ఇప్పుడే. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఇవ్వాలనీ, బ్యాంకులు ఆ భవనం మీద అప్పు ఇచ్చేముందు దాన్ని చూడాలనీ ఆదేశించింది. పెద్ద స్థలాల్లో కట్టినవాళ్ళు పర్మిషన్ సమయంలో 10 శాతం కట్టడాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టి ఉంటారు, ఓసీ వస్తేగానీ అది విడిపించరు. ఇల్లు ప్లాన్ ప్రకారం ఉంటే, గడువులోపల పూర్తయిందని చూపించే కరెంటు మీటరు తేదీ, ఇంటిపన్ను మొదటి డిమాండ్, లిఫ్టు బిల్లు లాంటివి జతచేసి కంప్లీషన్ నోటీసు ఇవ్వండి. ఇంకుడుగుంత తవ్వించి, మొక్కలు నాటించి ఫోటోలు తీశాకే ఇవ్వండి. ఓసీ ఫైళ్ళు ఎక్కువగా వెనక్కి వచ్చేది ఈ రెండింటి దగ్గరే.

పర్మిషన్ పంచాయతీ ఇచ్చింది, ఇప్పుడు మా ఊరు మున్సిపాలిటీలో కలిసింది.

2018లో తెలంగాణలో చాలా పంచాయతీలు ఇలా కలిశాయి. పంచాయతీ రికార్డులు కొత్త ఆఫీసుకు బదిలీ అయి ఉంటాయి, మీ తీర్మానం నంబరు, రసీదు ఉంటే వెతికిస్తారు. తీర్మానం కాపీ పంచాయతీ కార్యదర్శి ధ్రువీకరించినది తెచ్చుకుని, ఇప్పటి మున్సిపాలిటీలోనే రీవాలిడేషన్ అడగండి. నాలుగైదు అంతస్తులకు పంచాయతీ సంతకంతో పర్మిషన్ అని ఎవరైనా చూపిస్తే మాత్రం దాన్ని పొడిగించే ప్రయత్నం చేయకండి. అన్ని అంతస్తులకు అనుమతి ఇచ్చే అధికారం పంచాయతీకి లేదు. ముందు లాయరును కలవండి.